టికెట్ రాని నాయకుడి ఇంట్లో పెరగడం

ప్రశ్న ఇది: ‘మా నాన్న వచ్చే పంచాయతీ ఎన్నికల్లో సర్పంచ్‌గా నిలబడతానంటున్నారు. అక్కడితో ఆగేలా లేరు, ఎమ్మెల్యే దాకా వెళ్లాలని ఆశ. రాజకీయ నాయకుల పిల్లలు ఎవరైనా ఉంటే, ఇంట్లోవాళ్ల బతుకు ఎలా ఉంటుందో ఉన్నదున్నట్టు చెప్పండి.’

చెబుతాను. మాది చిత్తూరు జిల్లా. 2022లో తిరుపతి విడిపోయి వేరే జిల్లా కాకముందున్న పాత చిత్తూరు జిల్లా అనుకోండి. మా నాన్న సర్పంచ్‌గా, మండలాధ్యక్షుడిగా, ఆ తర్వాత జిల్లా పరిషత్‌లో మా మండలం తరఫున జడ్పీటీసీ సభ్యుడిగా చేశారు. ఎమ్మెల్యే కాలేదు. ‘కాలేదు’ అని ఒక్క ముక్కలో రాసేశాను గానీ, మా ఇంట్లో దాదాపు ఇరవై ఏళ్లు ఇంటికి సున్నం వేయడం దగ్గర నుంచి అక్క పెళ్లి దాకా అన్నీ ‘టికెట్ సంగతి తేలాక చూద్దాం’ అన్న మాట దగ్గరే ఆగేవి. ఏ పార్టీయో చెప్పను. చెబితే చదివేవాళ్లలో సగం మంది అక్కడే ఆగిపోతారు, మిగతా సగం తమకు కావలసినట్టు చదువుకుంటారు.

పత్రికల్లో ‘ద్వితీయ శ్రేణి నాయకులు’ అని రాస్తారే, నాన్న వాళ్లలో ఒకరు. సభలో ఎమ్మెల్యే పక్కనే నిలబడినా, మర్నాడు పేపర్లో సగం భుజం మాత్రమే పడే మనిషి. అయినా రాష్ట్ర రాజకీయాలు ఎలా నడుస్తాయో తెలియాలంటే మంత్రుల పిల్లలను కాదు, ఇలాంటివాళ్ల పిల్లలను అడగాలంటాను. హైదరాబాదులో తీసుకున్న ప్రతి నిర్ణయమూ చివరికి మా వరండాలోని చెక్క బల్ల మీదికే వచ్చి కూర్చునేది.

1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం, ఊరి భూమి లెక్కలూ శిస్తూ చూసే కరణం, మునసబు పదవులను రద్దు చేసింది. చరిత్ర పుస్తకంలో అది ఒక వాక్యం. మా ఊళ్లో మాత్రం అప్పటిదాకా పొలం వివరాలుండే అడంగల్ కాగితం కోసం కరణంగారి అరుగు కింద చెప్పులు విడిచి నిలబడినవాళ్లు, అప్పటి నుంచి మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. నాన్న 1981లో సర్పంచ్‌గా గెలిచి ఉన్నారు. భూమి లెక్కలు సర్పంచ్ పని కాదని ఆయన ఎంత చెప్పినా ఎవరూ వినేవారు కాదు. చివరికి వాళ్ల కాగితాలు సంచిలో పెట్టుకుని ఆయనే తాలూకా ఆఫీసుకు బస్సెక్కేవారు. మరుసటి ఏడాది తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఆఫీసు దగ్గరైంది, ఇంటికొచ్చేవాళ్లు రెట్టింపయ్యారు.

1983 ఎన్నికల గురించి ఆయన ఎప్పుడూ ఒకటే చెప్పేవారు. ఆ ఏడాది రామారావు గుడివాడతో పాటు మా తిరుపతిలోనూ పోటీ చేసి రెండు చోట్లా గెలిచారు. పక్కనే చంద్రగిరిలో, అప్పటికే మంత్రిగా పనిచేసిన చంద్రబాబు నాయుడు కాంగ్రెస్ తరఫున నిలబడి ఓడిపోయారు. పన్నెండేళ్లకు ఆయనే ముఖ్యమంత్రి అయ్యారు. ఏ పార్టీవాడైనా సరే, మా జిల్లాలో ఓడిన ప్రతి నాయకుడికీ ఇది కంఠతా వచ్చిన పాఠం. నాన్న అది మొదలుపెట్టగానే అమ్మ వంటింట్లో నుంచి ‘అలా అయినవాడు ఒక్కడు. కానివాళ్ల లెక్క ఎవరు రాశారు?’ అనేది. ఆయన దగ్గర దానికి జవాబు ఉండేది కాదు.

1987లో మండలాధ్యక్షులను జనమే నేరుగా ఓటేసి ఎన్నుకున్నారు. ఇప్పుడైతే మండల పరిషత్‌కు గెలిచిన ఎంపీటీసీ సభ్యులు ఎన్నుకుంటారు. నాన్న గెలిచారు. ఆయన రాజకీయ జీవితంలో నాకు బాగా గుర్తున్నవీ, ఆయన బాగా సంతోషంగా ఉన్నవీ ఆ ఐదేళ్లే. ఆయన తెలివి ఏ పాటిదో నేను కళ్లారా చూసింది కూడా అప్పుడే.

ఒక ఊరికి చేతిపంపు బోరు మంజూరైంది. మా వైపు కరువు సంగతి తెలిసినవాళ్లకు బోరు అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. తమిళనాడులోని తిరుచెంగోడు నుంచి బోరు లారీ వచ్చిందంటే ఊరంతా పనులు మానేసి చుట్టూ చేరేది. నీళ్లు చూసే పెద్దాయన అరచేతిలో కొబ్బరికాయ అడ్డంగా పెట్టుకుని పై వీధి నుంచి కింద వీధికి నడిచారు. కాయ నిలువుగా లేచిన చోటు, నాన్న మీద పోటీ చేసి ఓడిన మనిషి ఇంటి ముందు. మనవాళ్లంతా గొడవ చేశారు. ‘అన్నా, ఓట్లు వేసింది పై వీధి, నీళ్లు కింద వీధికా?’ అని ఒకాయన లారీకి అడ్డంగా కూర్చున్నాడు. నాన్న ఏమీ మాట్లాడకుండా అక్కడే బోరు వేయించారు. నీళ్లు పడ్డాయి. రాత్రి ఇంటికొచ్చాక అవ్వ అడిగితే చెప్పారు: ‘మనవాళ్ల ఇంటి ముందు వేస్తే మనకు మనమే వేసుకున్నామంటారు. వాడింటి ముందు వేస్తే, బిందె పట్టుకుని వచ్చిన ప్రతి ఆడమనిషీ ఎవరు వేయించారో వాడింటి గుమ్మం ముందే రోజూ చెప్పుకుంటుంది.’ ధర్మం కోసం చేశారేమో అనుకుంటూ పక్కనే అన్నం తింటున్న నాకు ఆ రాత్రి నాన్న కొంచెం వేరే మనిషిలా కనిపించారు. ఇప్పుడు ఆలోచిస్తే, నీళ్లైతే పడ్డాయి కదా అనిపిస్తుంది.

ఇక తిరుపతి చుట్టుపక్కల రాజకీయ కుటుంబాలకు మాత్రమే ఉండే కష్టం ఒకటుంది. దర్శనం లెటరు. గుంటూరులోనో వరంగల్‌లోనో నాయకుడి ఇంటికి బదిలీలు, పింఛన్లు, పోలీసు కేసుల కోసం వస్తారు. మా ఇంటికి అవన్నీ వస్తాయి, వాటిపైన ఏడుకొండలవాడు కూడా వస్తాడు. సిఫారసు లేఖ రాసే అధికారం ఎమ్మెల్యేలకు, ఎంపీలకు, మంత్రులకు, అలాంటివాళ్లకు ఉంటుంది. మండలాధ్యక్షుడి లెటర్‌హెడ్ కొండ మీద చెల్లదు. కానీ ‘తిరుపతి దగ్గర మండలాధ్యక్షుడు’ అంటే హైదరాబాదులో ఎవరికీ ఈ తేడా పట్టదు. ఎప్పుడో ఒకసారి రైల్లో కలిసిన గుమాస్తా కూడా మేలో ఉత్తరం రాసేవాడు, ‘పిల్లలకు సెలవులు, సకుటుంబంగా వస్తున్నాం, దర్శనం మీరే చూడాలి’ అని. వాళ్లకు వరండాలో పడకలు, అమ్మ చేతి సంగటి, పొద్దున్నే నాన్న ఎమ్మెల్యేగారి ఇంటికి పరుగు.

ఆ లెటరు అసలు విలువ నాకు కాలేజీకి వచ్చాక గానీ తెలియలేదు. ఎమ్మెల్యే రోజుకు ఇన్ని అని లెక్కగా ఇవ్వాలి. అడిగేవాళ్లు దానికి ఎన్నో రెట్లు. కాబట్టి ఎవరి మనిషికి లెటరు దొరికింది, ఎవరి మనిషి ఖాళీ చేతులతో వెనక్కి వెళ్లాడు అన్నదే ఎమ్మెల్యే దగ్గర ఎవరి పలుకుబడి ఎంతో చెప్పే కొలత. వరసగా రెండుసార్లు నాన్న పంపినవాళ్లకు ‘కోటా అయిపోయింది’ అన్న జవాబు వస్తే, మూడోసారి ఆయన రాత్రి నిద్రపోయేవారు కాదు. సుప్రభాత సేవ దొరకలేదన్న బెంగ కాదది. ఎమ్మెల్యేకు తన మీద మనసు మారిందేమోనన్న అనుమానం. జిల్లా వర్గ రాజకీయాలు పేపర్లో రాకముందే మా ఇంట్లో ఈ లెటర్ల వల్ల తెలిసిపోయేవి.

మాకు మాత్రం ఆయన ఒక్క లెటరూ తెప్పించలేదు. ఏటా అలిపిరి మెట్లెక్కి వెళ్లి, సర్వదర్శనం క్యూలో నిలబడేవాళ్లం. మూడున్నర వేల మెట్లెక్కాక కంపార్టుమెంటులో గంటల తరబడి కూర్చోవాల్సి వస్తే చెల్లెలు ఏడ్చేది. ‘ఊరందరికీ ఇప్పిస్తారు, మనకేమైంది?’ అని అమ్మ విసుక్కునేది. అది నియమమని కొందరు పొగిడారు. నా లెక్క వేరు. కోటాలో ఒకటి ఇంటికి ఖర్చైతే, బయటివాడికి ఇవ్వగలిగింది ఒకటి తగ్గుతుంది. దుకాణందారు తన సరుకు తాను తినకపోవడం లాంటిదే అది.

కాణిపాకం ముచ్చట కూడా చెప్పాలి. చిత్తూరు దగ్గరి ఆ వరసిద్ధి వినాయకుడు సత్యప్రమాణాల దేవుడు. కోనేట్లో మునిగి ఆయన ముందు అబద్ధం చెబితే నాశనమైపోతారని మావాళ్ల నమ్మకం. అందుకే మా జిల్లాలో అవినీతి ఆరోపణ ఏదైనా కోర్టు కంటే ముందు కాణిపాకానికి చేరుతుంది. ‘దమ్ముంటే కాణిపాకంలో ప్రమాణం చెయ్’ అన్నది ఇక్కడ చిన్నాపెద్దా నాయకులందరూ వాడే సవాలు. నాన్నకూ అది ఎదురైంది. ఒక బడి గదుల కోసం వచ్చిన సిమెంటులో కొన్ని బస్తాలు పక్కదారి పట్టాయని, ప్రత్యర్థి మండల సమావేశంలోనే లేచి అడిగాడు, ప్రమాణం చేస్తావా అని.

నాన్న వెళ్లలేదు. ‘నాలుగు బస్తాల సిమెంటుకు దేవుణ్ణి సాక్షిగా పిలుస్తామా?’ అని నవ్వేశారు. సభలో అందరూ నవ్వారు గానీ ఇంట్లో ఎవరూ నవ్వలేదు. అవ్వ ఆ రోజు నుంచి కొన్నాళ్లు ఆయనతో సరిగా మాట్లాడలేదు. ఆమెకు కావలసింది చమత్కారం కాదు, కొడుకు తడి బట్టలతో వినాయకుడి ముందు నిలబడటం. చాలా ఏళ్ల తర్వాత, పదవులన్నీ అయిపోయాక, ఇద్దరమే ఉన్నప్పుడు నేనే అడిగాను. ఆయన కాసేపు పేపర్ మడతపెట్టి, ‘రోజూ మనింట్లో కాఫీ తాగి, భోజనం చేసి వెళ్లినవాళ్లకు డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందనుకుంటున్నావు?’ అన్నారు. అది ఒప్పుకోలా, ఎదురు ప్రశ్నా, నాకు ఇప్పటికీ తేలలేదు. మళ్లీ అడగలేదు కూడా.

డబ్బు లెక్కకొస్తే, గౌరవ వేతనం అని ఇచ్చేది జీపు డీజిలుకు కూడా చాలేది కాదు. పెళ్లిళ్లకు చదివింపులు, చావులకు సాయం, జాతర్లకు చందాలు. అమ్మ పుట్టింటివాళ్లు ఇచ్చిన మామిడి తోట మొదట తాకట్టుకు, తర్వాత అమ్మకానికి వెళ్లింది. తోతాపురి కాయ ధర పడిపోయిన ఏడాది అది. ఇంతకంటే దాని గురించి రాయను.

1994లో టికెట్ దాదాపు వచ్చేసింది. వచ్చేసిందనే మేమూ, ఊరూ నమ్మాం. నాన్న వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాదు వెళ్లి, ఆదర్శనగర్ ఎమ్మెల్యే క్వార్టర్స్‌లో తెలిసినవారి గదిలో దిగారు. అమ్మ గంజి పెట్టి ఇస్త్రీ చేయించిన తెల్ల చొక్కాలు పెట్టెలో పెట్టి పంపింది. రాత్రి కాల్ రేటు తగ్గాక ఎస్టీడీ బూత్ నుంచి పక్కింటికి ఫోన్ చేసేవారు. ‘రేపు లిస్టు వస్తుంది’ అనేవారు. ఆ రేపు వచ్చేది కాదు. టికెట్ అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: ఇతనే మా అభ్యర్థి అని పార్టీ సంతకం పెట్టి ఇచ్చే బి-ఫారం. నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం మూడు గంటల లోపు అది రిటర్నింగ్ అధికారి చేతిలో పడాలి. పడకపోతే పార్టీ గుర్తు రాదు, అప్పుడు స్వతంత్రుడిగా ఏ బకెట్టో నిచ్చెనో పట్టుకుని తిరగాలి.

బి-ఫారం వేరొకరికి వెళ్లింది. మాకు పేపర్ చూసి తెలిసింది. నాన్న ఫోన్ ఆ రాత్రి రాలేదు, మర్నాడు మనిషే వచ్చారు. స్టేషన్ నుంచి ఇంటికి రాకుండా నేరుగా టికెట్ వచ్చినాయన ఇంటికి వెళ్లి దండ వేసి, ఆ తర్వాత ఇంటికొచ్చారు. నాకు అప్పుడు ఇరవై రెండేళ్లు. ఒళ్లు మండిపోయింది. రెబల్‌గా నిలబడమని వరండా నిండా జనం అరుస్తున్నారు. ఆయన స్నానం చేసి, పెట్టెలో మిగిలిన చివరి చొక్కా వేసుకుని వచ్చి, ‘పొద్దున్నుంచి ప్రచారం. జీపులు ఎన్ని ఉన్నాయో చూడండి’ అన్నారు. అంతే. జనం కాసేపు గొణిగి జీపుల లెక్కలో పడ్డారు.

ఎందుకు ఒప్పుకున్నారో మరుసటి ఏడాది తెలిసింది. జడ్పీటీసీ ఇస్తామన్నారు, ఇచ్చారు. పైన ఇంకో ఆశ కూడా చూపించారు. మా జిల్లాలో టికెట్ రానివాడి ముందు ఊరించే పెద్ద పండు ఒకటుంది, టీటీడీ పాలకమండలి సభ్యత్వం. ఎంతమందికి చూపించి ఉంటారో ఆ వెంకటేశ్వరస్వామికే తెలియాలి.

1995 నాటికి జడ్పీ చైర్మన్ ఎన్నిక పరోక్షమైంది, అంటే ఓటు సభ్యులదే. కాబట్టి వాళ్లు చేజారకుండా దూరం తీసుకెళ్లి ఉంచే క్యాంపులు మొదలయ్యాయి. 1984 ఆగస్టులో రామారావును దించేసినప్పుడు ఆయన ఎమ్మెల్యేలను కర్ణాటకకు తరలించి కాపాడుకున్నారు, సరిగ్గా నెలకు ఆయన మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. ఆ విద్య పదేళ్లలో మండలాల దాకా దిగిపోయింది. మాకు బెంగళూరు, ఊటీ ఎలాగూ దగ్గరే. నాన్న అలా వెళ్లి వస్తూ మాకు స్వెట్టర్లు తెచ్చారు. చిత్తూరు ఎండలో స్వెట్టర్లు! అవి ఇంకా బీరువాలో ఉన్నాయి.

2001లో మా స్థానం మహిళలకు రిజర్వు అయింది. అమ్మ పేరుతో నామినేషన్ వేయిద్దామని అనుచరులు వచ్చారు. అమ్మ బయటికి వచ్చి, ‘ఇరవై ఏళ్లుగా చొక్కాలకు గంజి నేనే పెడుతున్నాను. ఇప్పుడు సంతకాలు కూడా నేనే పెట్టాలా? పెడితే పదవి కూడా నేనే చేస్తాను, మీ అన్న ఇంట్లో కూర్చుంటారు’ అంది. వచ్చినవాళ్లు కాఫీ తాగి వెళ్లిపోయారు. ఆమె నిజంగానే చేసి ఉంటే నాన్న కంటే బాగా చేసేదని నా నమ్మకం. ఆయనకూ ఆ అనుమానం ఉండేది.

1999లో, 2004లో మళ్లీ అదే కథ. హైదరాబాదు, లిస్టు, వేరే పేరు. ఇక 2009కి వచ్చేసరికి నియోజకవర్గాల పునర్విభజన జరిగింది. చిత్తూరు జిల్లాలో 15 స్థానాలు 14 అయ్యాయి. వాయల్పాడు, పుత్తూరు, వేపంజేరి పోయాయి, గంగాధర నెల్లూరు, పూతలపట్టు వచ్చాయి. పోయిన మూడింటిలో మాది ఒకటి. ఏదో చెప్పను, జిల్లావాళ్లు ఎలాగూ ఊహిస్తారు. మా మండలాన్ని కొత్త చోట కలిపారు. అక్కడ నాన్న ఎవరికీ తెలియదు. ఆయన పేపర్లో జాబితా చూసి, ‘పోటీ చేసేవాళ్లు పోవడం చూశాను గానీ, పోటీ చేసే చోటే పోవడం ఇప్పుడు చూస్తున్నా’ అని పెద్దగా నవ్వారు. నిజమైన నవ్వే. ఆ ఏడాది వేసవిలో ఇంటికి సున్నం వేయించారు.

పదవి పోయాక జనం రావడం మానేస్తారని అంటారు. అది సగం నిజం. పనుల కోసం వచ్చేవాళ్లు ఏడాదిలోనే చల్లగా జారుకున్నారు. తగాదాల కోసం వచ్చేవాళ్లు మాత్రం ఇప్పటికీ వస్తారు, గట్టు తగాదా, అన్నదమ్ముల భాగాలు, కోడలు అలిగి వెళ్లిపోవడం. వాటికి లెటర్‌హెడ్ అక్కరలేదు. మీరు అడిగిన ‘ఇంట్లోవాళ్ల బతుకు’ విషయంలో నేను గట్టిగా చెప్పగలిగేది ఒకటే. మా నాన్న ఊళ్లో ప్రతి ఒక్కరి కష్టమూ విన్నారు, మా పరీక్షల మార్కులు మాత్రం ఎప్పుడూ అడగలేదు. దానివల్ల మాకు కష్టమేమీ కలగలేదు, చెల్లెలైతే అదే మేలైందంటుంది. నేను తిరుపతిలో ఉద్యోగం చేసుకుంటున్నాను, రాజకీయాల జోలికి వెళ్లలేదు. వెళ్లమని ఆయనా అనలేదు.

ఇక మీ నాన్నగారి సంగతి. సర్పంచ్ ఎన్నిక పార్టీ గుర్తు మీద జరగదు కాబట్టి ‘పార్టీ చూసుకుంటుంది’ అని ఎవరైనా అంటే నమ్మకండి, ఖర్చు పూర్తిగా మీదే. ఆస్తి కాగితాల్లో ఏది ఎవరి పేరు మీద ఉందో ఇప్పుడే ఒకసారి చూసుకోండి, ముఖ్యంగా మీ అమ్మగారి పేరు మీద ఉన్నవి. మీ ఊరు తిరుపతికి దగ్గరైతే, దర్శనం అడిగేవాళ్లకు మొదటి రోజే ‘నాకు ఆ అధికారం లేదు’ అని చెప్పడం అలవాటు చేయండి. స్థానిక ఎన్నికల్లో ఇప్పుడు సగం స్థానాలు మహిళలవి, పైగా ఒక విడత జనరల్ అయింది మరో విడత ఇంకొకరికి మారుతుంది. అందుకని రిజర్వేషన్ల జాబితా వచ్చేదాకా ఒక్క ఫ్లెక్సీ కూడా కట్టవద్దని ఆయనకు చెప్పండి. వింటారని కాదు.